పన్నెండో సంతకం

బుధవారం పొద్దున ఏడున్నరకు వెంకటగిరియప్ప నడవళి పుస్తకాన్ని ఎర్రగుడ్డలో చుట్టి, మోపెడ్ ముందు భాగంలో కాళ్ళ మధ్య పెట్టుకుని, వెనక భార్య చిక్కమ్మను కూర్చోబెట్టుకుని బయలుదేరాడు. నడవళి అంటే బేవినకట్టె పురసభ తీర్మానాలు రాసే పుస్తకం. అందులో కన్నడంలో రాస్తారు, బయటికొచ్చి తెలుగులో తిట్టుకుంటారు, నెల తిరక్కుండా రెండింట్లోనూ మరిచిపోతారు.

కన్నడ రాష్ట్రంలో, హొసకోటె నుంచి లోపలికి పోయే రోడ్డు మీదుంది ఆ ఊరు. ఇరవై ముగ్గురు సభ్యులు, ఒక అధ్యక్షుడు, అందరూ సీఓ సారు అనే ముఖ్యాధికారి ఒకరు. మీటింగులో ఏ విషయం వచ్చినా ఒప్పుకుంటే బల్లలు చరుస్తారు, ఒప్పుకోకుంటే ఫోన్లు చూసుకుంటారు. అక్కడ కూర్చుని రాసేదేమీ ఉండదు. సభ్యులు హాజరు పుస్తకంలో గీకి భోజనానికి లేస్తారు. తీర్మానాన్ని తరవాత గుమాస్తా దామోదర్ తీరిగ్గా రాస్తాడు. ఆ పుటను అటెండరు ఇంటింటికీ మోసుకుపోయి సంతకాలు తెస్తాడు. పన్నెండు పడ్డాయంటే తీర్మానం తీర్మానమైనట్టు. ఇట్లా చెయ్యాలని ఏ చట్టంలో ఉందో ఒక్కరికీ తెలియదు. ఇదే చట్టమని అందరి నమ్మకం.

ఆ అటెండరే వెంకటగిరియప్ప. సైన్యంలో ఇంజనీర్ల దళంలో పదిహేడేళ్ళు చేసి నాయక్‌గా దిగిపోయి, మాజీ సైనికుల కోటాలో ఇక్కడ చేరి పద్దెనిమిదేళ్ళయింది. ఇంకా రెండేళ్ళ సర్వీసుంది. పుస్తకం చుట్టిన గుడ్డను ఆయన సభ్యుల ముందు తప్ప విప్పడు. విప్పినా చదవడు. టపా మోసేవాడు టపా చదవకూడదని పటాలంలో నేర్చుకున్నాడు. అది ఆయనకు గొప్ప.

మాజీ సైనికుల క్లినిక్ పురసభవాళ్ళ పాత కట్టడంలోనే ఉంది. ఇద్దరు డాక్టర్లు, మందుల కిటికీ, రక్తం తీసే గది, కట్లు కట్టే గది. నడిపేది ప్రభుత్వం, గోడలు పురసభవి. ఆ గోడలు వాడుకునే గడువు ఈ నెలతో తీరిపోతుంది. హైవే మీదున్న ఓ పెద్ద ప్రైవేటు ఆసుపత్రి, క్లినిక్‌ను తామే నడుపుతామని పైన అర్జీ పెట్టుకుంది. పైవాళ్ళు, కట్టడం మీది కదా మీ అభిప్రాయమేమిటని పురసభకు రాశారు. సోమవారం సాయంత్రానికల్లా జవాబు పోవాలి. నిన్న మంగళవారం మీటింగులో సభ్యులంతా క్లినిక్‌ను ప్రభుత్వమే నడపాలని, పదేళ్ళకు కట్టడం మళ్ళీ ఇస్తామని బల్లలు వాయించేశారు. వెనక బెంచీల్లో కూర్చున్న ముసలి సైనికులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

అందుకే ఈ పొద్దు క్లినిక్ వాకిట్లో మైసూరుపాకు పంచుతున్నారు.

"రాప్పా ఎంకటగిరీ, నోరు తియ్యి," అని సుబేదారు ఆవులప్ప ఒక ముక్క ఆయన నోట్లో పెట్టాడు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. సుబేదారుగా దిగిపోయి ఎన్నేళ్ళయినా ఇంకా వరస తప్పి నిలబడినవాణ్ణి చూస్తే ఊరుకోలేడు. "నువ్వు వాకిలికాడే ఉండావు కదా. అందరూ ఒప్పుకున్నెట్లే కదా?"

"నా కండ్ల ముందరే సుబేదార్ సాబ్. ఈ పొద్దు సైన్లు కూడా తెచ్చేస్తా."

కట్లగదిలో సిస్టర్ బేబీ చిక్కమ్మ ఎడమకాలిని తన ఒళ్ళో పెట్టుకుంది. కాలి రెండో వేలి మీద పుండు. చక్కెర జబ్బు. ఏడు నెలల కింద ఆ హైవే ఆసుపత్రికి పోతే, వేలు తీసేయాలి, ఇవాళే చేరండి అన్నారు. ఇక్కడి డాక్టరు చూసి, తొందరేముంది, రోజు మార్చి రోజు రండి చూద్దామన్నాడు. అప్పటినుంచి బేబీయే చూస్తోంది. పాత గుడ్డను పీకదు. సెలైన్ కొంచెం కొంచెంగా పోసి, నానేదాకా చిక్కమ్మతో కూరల ధరలు మాట్లాడుతుంది. నానిన గుడ్డ దానంతటదే ఊడొస్తుంది. తరవాత అంచులు తుడిచి, దీపం దగ్గరికి లాగి, ముక్కు ఆనేంత దగ్గరగా చూస్తుంది.

"చూడండి అన్నా, అంతా ఎర్రగా వచ్చింది. చిటికెనవేలి గోరంత మిగిలింది. ఇంకో రెండు నెలలు ఇట్లే చేస్తే మూసుకుంటుంది. మధ్యలో ఆపకూడదు, అంతే."

"ఆపేదేముంది," అన్నాడు వెంకటగిరియప్ప. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో తన సొంత ఆసుపత్రి గురించి చెప్పేవాడి ధీమా ఉంది.

చిక్కమ్మను ఆటో ఎక్కించి ఊరి మీద పడ్డాడు. సంతకాలు తీసుకోవడంలో ఆయనకొక పద్ధతి. పుస్తకం తెరిచి, గాలికి కాగితం లేవకుండా ఎడమ అరచెయ్యి రాత మీద ఆనిస్తాడు. కుడిచేతి చూపుడువేలు సంతకం పడాల్సిన గీత మీద పెడతాడు. సభ్యుడికి ఆ గీత తప్ప మరేమీ కనపడదు. ఒకాయన కారు బానెట్ మీద పెట్టాడు. ఒకాయన గడ్డం గీయించుకుంటూ, మంగలి కత్తి పైకెత్తి ఆగితే, పెట్టాడు. ఇటుకల వ్యాపారి పుల్లయ్య లారీ లోడు లెక్క చూస్తూ, పుస్తకం ఒకసారి తన వైపు తిప్పుకుని, మళ్ళీ ఇటు తిప్పి పెట్టాడు. బాలమ్మ తన పేరులోని అక్షరాలను ఒక్కొక్కటే బొమ్మ గీసినట్టు గీసింది. మధ్యాహ్నం మూడుకు పదకొండయ్యాయి.

పన్నెండో ఇల్లు ఫర్హానాది. ముప్పై దాటని పిల్ల, మొదటిసారి గెలిచింది. బడిలో పంతులమ్మ. వాకిట్లో చాప మీద పరీక్ష కాగితాలు దిద్దుతోంది. వెంకటగిరియప్ప వంగి పుస్తకం తెరిచి, చెయ్యి ఆనించి, గీత చూపించాడు.

"అన్నా, కొంచెం చెయ్యి తియ్యండి."

"చెయ్యా?"

"అడ్డముంది. చదవాలి కదా."

పద్దెనిమిదేళ్ళలో ఆ మాట ఎవరూ అనలేదు. ఆయన చెయ్యి తీశాడు. ఆమె ఎర్ర పెన్ను చివరను వాక్యం కింద జరుపుతూ కన్నడంలో పైకే చదివింది. మాజీ సైనికులకు మరింత మెరుగైన సేవలందించే సదుద్దేశంతో క్లినిక్ నిర్వహణను అర్హత గల ప్రైవేటు ఆసుపత్రికి అప్పగించడానికి, పురసభ కట్టడాన్ని ఆ ఆసుపత్రికి ముప్పై ఏళ్ళకు ఇవ్వడానికి సభకు ఏ ఆక్షేపణా లేదని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.

"నిన్న మనం చెప్పింది ఇదా అన్నా?"

"కాదమ్మా."

"మరి పదకొండు మంది పెట్టారే?"

"పెట్టినారు."

"చదివే పెట్టారా?"

ఆయన ఎడమ అరచెయ్యి ప్యాంటుకు రాసుకున్నాడు. చెమట లేదు, మురికి లేదు, అయినా రాసుకుంటూనే ఉన్నాడు. ఫర్హానా పుస్తకం మూసి రెండు చేతులతో తిరిగిచ్చింది. "నేను పెట్టనన్నా. మీ మీద కోపం కాదు," అంది.

ఆఫీసులో దామోదర్ తలెత్తకుండానే, "భాష కొంచెం సరిచేసినారప్పా పైన," అన్నాడు.

"భాషనా? ముప్పై ఏండ్లు భాషనా?"

"నన్నడిగితే? చెప్పింది రాసే వాణ్ణి. అధ్యక్షులు, సీఓ సారు కూర్చోని చెప్పినారు, రాసినా. నీది మోసే పని, నాది రాసే పని."

ముఖ్యాధికారి మెత్తని మనిషి. ఎవరినీ కసురుకోడు. వెంకటగిరియప్పను కూర్చోమని కూడా అన్నాడు, ఆయన కూర్చోలేదు. "చూడండి, సైనికులకు మంచే జరుగుతుంది. ఏసీ, కొత్త మిషన్లు. ఇంకొక్క సైను కదా, శనివారంలోపు తెచ్చేయండి. ఎవరైనా సరే," అన్నాడు.

గురువారమంతా వెంకటగిరియప్ప కాలు ఒకచోట నిలవలేదు. మీటింగు హాలు కుర్చీలు వరస పెట్టాడు, మళ్ళీ తీసి మళ్ళీ పెట్టాడు. మోపెడ్ ప్లగ్గు మూడుసార్లు విప్పి తుడిచాడు. బీరువాలో పెట్టిన పుస్తకాన్ని గంటకోసారి పోయి చూసి వచ్చాడు. పుట చించేస్తే? పుటలకు అంకెలున్నాయి, జైలు ఖాయం. సంతకం తేకుండా ఉండిపోతే? ఇంకెవరో తెస్తారు. తినడానికి కూర్చుని ముద్ద కలిపి అట్లాగే లేచిపోయాడు. ఆయనకు భయంగా ఉంది, అంతకంటే సిగ్గుగా ఉంది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక అందరి మీదా వచ్చింది. చిక్కమ్మ ఏమైందని రెండుసార్లు అడిగితే రెండుసార్లూ ఏమీ లేదన్నాడు.

శుక్రవారం కట్టు రోజు. క్లినిక్ వాకిట్లో ముసలివాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. ఆయన మోపెడ్ ఆపాడు. ఒక్కడు కూడా రా అనలేదు. చిక్కమ్మ లోపలికి పోయేదాకా ఆగి ఆవులప్ప దగ్గరికొచ్చాడు.

"పుస్తకంలో ఏముండాదో ఫర్హానమ్మ చెప్పిందిలే."

"సుబేదార్ సాబ్..."

"పదకొండు సైన్లు తెచ్చినావంటనే. ఇంటింటికీ పోయి, నీ చేత్తో." ఆవులప్ప గొంతు పెంచలేదు. "ఆ ఆసుపత్రోడు తెచ్చింటే వాడి మొగాన ఉమ్మేసేవాణ్ణి. మనోడు తెచ్చినాడే, ఏం చేసేది?"

"నేను చదవలేదు."

"అదే అంటాండా. చదవకుండా మోసినావు."

కట్లగదిలో బేబీ ఎప్పటిలాగే సెలైన్ పోస్తోంది. ఈసారి కూరల ధరలు మాట్లాడలేదు. చిక్కమ్మ కళ్ళు మూసుకున్నాక, మెల్లగా అంది. "నిన్న ఆ ఆసుపత్రివాళ్ళు వచ్చి గది కొలుచుకుపోయారన్నా. కట్లన్నీ హైవే దగ్గరే కడతారంట, ఇక్కడ ఉత్త రిసెప్షనంట. నా సంగతి వదిలెయ్యండి, నాది పదకొండు నెలల కాంట్రాక్టు, ఇంకెక్కడన్నా చూసుకుంటాను. అక్కను మాత్రం అక్కడికి తీసుకుపోతే మళ్ళీ మొదటి మాటే చెప్తారు. మీరు ఒప్పుకోవద్దు."

వెంకటగిరియప్ప ఆ గోరంత ఎర్రని చోటు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఏడు నెలల పని అది. ఒక మనిషి ఒళ్ళో కాలు పెట్టుకుని చేసిన పని. తను ఒక్కపూటలో పదకొండు ఇళ్ళు తిరిగి దాన్ని చెడగొట్టొచ్చాడు. బయటికొచ్చి మోపెడ్ తీశాడు. ఆఫీసుకు పోయి, బీరువా తీసి, పుస్తకం చంకన పెట్టుకున్నాడు. దామోదర్, పన్నెండోదానికా అన్నాడు. ఆయన అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

బాలమ్మ నట్టింట్లో నానబెట్టిన అనపగింజల ముందు కూర్చుని పితుకుతోంది. గింజను రెండు వేళ్ళ మధ్య నొక్కితే పొట్టు ఒకవైపు, పప్పు ఒకవైపు. అరవై ఆరేళ్ళు, నాలుగోసారి సభ్యురాలు.

"ఏమప్పా, నిన్న గాక మొన్ననే కదా పెడితి?"

"అక్కా, దాంట్లో ఏం రాసిండారో నీకు తెలుసునా?"

"నాకు చదువెక్కడ వస్తాది? నా పేరు గీకేది నేర్పించినారు, అది గీకుతా. నువ్వు తెస్తే చూసేదేముండాది? పద్దెనిమిదేండ్లుగా నీ మొగం చూసే సైను పెడతా ఉండా." ఆమె ఇంకో గింజ నొక్కింది. "మిగిలినోళ్ళు మాత్రం? చదువుకున్నోళ్ళు కూడా అంతే. మనోడు తెచ్చినాడంటారు, పెడతారు."

వెంకటగిరియప్ప గడప అవతలే నిలబడేవాడు ఎప్పుడూ. ఇప్పుడు లోపలికొచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

"ఈసారి నా మొగం చూడొద్దక్కా. నేనూ చూడకుండానే తెచ్చినా. చదువుతా, విను."

వేలు పెట్టి చదివాడు. మధ్యలో రెండు పెద్ద మాటల దగ్గర ఆగి, వెనక్కొచ్చి, మళ్ళీ చదివాడు. బాలమ్మ చేతిలోని గింజలు గిన్నెలో వదిలేసింది.

"ముప్పై ఏండ్లా? మేము వద్దంటే ఇచ్చేసినట్లు రాసిండారా?"

"ఊఁ."

"నా సైను చూపించు."

ఆమె చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, తను గీసిన పేరు మీద తనే అడ్డంగా ఒక గీత కొట్టింది. పెన్ను కాగితంలో దిగబడింది. "మిగిలినోళ్ళ దగ్గరికి పో. ఊరికే ఇయ్యొద్దు, చదివి వినిపించు. ఎవురన్నా ఏమన్నా అంటే బాలమ్మ పంపించిందని చెప్పు."

తనంతట తనే బయలుదేరాడని ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా ఆ మాట పనికొచ్చింది. కారు బానెట్ ఆయన చదివి, నీళ్ళు నమిలి, సంతకం పక్కన 'ఒప్పుకోవడం లేదు' అని రాశాడు. గడ్డం గీయించుకున్నాయన దామోదర్‌ను తిట్టి, ముఖ్యాధికారిని తిట్టి, చివరికి తన కళ్ళద్దాలను తిట్టి రాశాడు. ఇద్దరు తలుపు తియ్యలేదు. ఒకాయన, అధ్యక్షుడితో పెట్టుకోలేనప్పా, పిల్లల సీటు విషయముంది అని చేతులు పట్టుకున్నాడు.

పుల్లయ్య మాత్రం తడుముకోలేదు. "నేను మొన్ననే చదివే పెట్టినా. ఆసుపత్రి వస్తే ఎదురుగా నావి నాలుగు అంగళ్ళు. బాడుగ రెండింతలైతాది. దాంట్లో తప్పేముండాది?"

"మీరు చదివినారు కదా, చాలు సామీ," అన్నాడు వెంకటగిరియప్ప. ఆ మాట నిజంగానే అన్నాడు. ఆ పదకొండు మందిలో చదివి, పెట్టిన సంతకం మీద నిలబడింది పుల్లయ్య ఒక్కడే.

పొద్దు కుంకే వేళకు ఏడు సంతకాలు పోయాయి. నాలుగు మిగిలాయి.

శనివారం పొద్దున ముఖ్యాధికారి ఆ పుటలో పోయిన సంతకాలను వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. చివరికి, "మీరు చెయ్యాల్సిన పనేనా ఇది?" అన్నాడు అదే మెత్తని గొంతుతో. పక్కనున్న అధ్యక్షుడు అశోక్‌కుమార్ అంత మెత్తన కాదు. కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. తిట్టడానికి నోరు తెరిచి, కిటికీలోంచి బయటికి చూశాడు.

ఆవరణలో నలభై మంది దాకా ముసలివాళ్ళు మూడు వరసల్లో నిలబడి ఉన్నారు. నినాదాలు లేవు, బ్యానర్లు లేవు. టోపీలు పెట్టుకున్నారు, పతకాలు ఉన్నవాళ్ళు పెట్టుకున్నారు. ఒకాయన వాకర్ పట్టుకుని నిలబడ్డాడు. ఆవులప్ప ముందు నిలబడి వరస సరిచూస్తున్నాడు. గేటు బయట ఆడవాళ్ళు. ఈ మార్చిలో ఎన్నికలు.

అశోక్‌కుమార్ నోరు మూశాడు. తెలివిగలవాడు. పన్నెండుకు అత్యవసర సభ అన్నాడు.

ఆ సభలో ఆయన మాట్లాడినట్టు ఎవరూ మాట్లాడలేదు. సైనికుడి ఆరోగ్యం అంగడి సరుకు కాదన్నాడు. ఎవరో కొందరు పుస్తకంలో పొరపాటు రాతలు రాయించారని, తాను బతికున్నంత కాలం అది జరగనివ్వనని బల్ల మీద గుద్దాడు. ఆ ఎవరో కొందరిలో సగం మంది అధ్యక్షుడే అన్న సంగతి దామోదర్‌కు తెలుసు, గోడ వైపు చూస్తున్నాడు. ఫర్హానా లేచి, క్లినిక్‌ను ప్రభుత్వమే నడిపినంత కాలం కట్టడం ఇవ్వాలి, పదేళ్ళకు ఇవ్వాలి, వేరే ఎవరికి అప్పగించినా కట్టడం వెనక్కి తీసుకోవాలి అని మూడు ముక్కల్లో చెప్పింది. బల్లలు మోగాయి. పుల్లయ్య కూడా రెండు దెబ్బలు వేశాడు. ఆవులప్ప లోపలికొచ్చి అధ్యక్షుడికి దండ వేశాడు.

వెంకటగిరియప్ప టీ పళ్ళెం పట్టుకుని వరసగా తిరిగాడు. ఆవులప్ప గ్లాసు తీసుకున్నాడు కానీ మొహం చూడలేదు. ఆయనకు శుక్రవారం తిరుగుడు సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పొచ్చు, ఒక్క మాట. వెంకటగిరియప్ప చెప్పలేదు. పదకొండు ఇళ్ళు తిరిగింది నిజం కాబట్టి చెప్పలేదు.

మూడింటికి మెమో అందింది. అధికార పుస్తకాన్ని అనుమతి లేకుండా బయటికి తీసుకుపోయి, సభ్యులను ప్రేరేపించి, పుటను పాడుచేసినందుకు నీటి సరఫరా విభాగానికి మార్చడమైనది. ఇకమీదట నడవళి పుస్తకాన్ని తాకరాదు. కొత్త తీర్మానం సోమవారం పొద్దున రాస్తారు. దామోదర్ తీసుకుపోయి సంతకాలు తెస్తాడు.

"పంపుహౌసుకు వేసినారు," అన్నాడు ఆదివారం చిక్కమ్మతో, అన్నీ చెప్పాక.

చిక్కమ్మ కాలు దిండు మీద పెట్టుకుని వింది. ఆమెకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. "నాలుగు దినాలుగా కడుపులో పెట్టుకోని తిరుగుతా ఉండావే, నాతో చెప్పొచ్చు కదా? నా వేలి కోసమేనా ఇదంతా?"

"నీ వేలి కోసమే అనుకోని పోయినా. పోయినాంక నా కోసం కూడా అనిపించింది."

"రెండేండ్లు నీళ్ళు తిప్పితే తిప్పుదువులే." ఆమె కళ్ళు తుడుచుకుంది. కొంచెం ఆగి అడిగింది. "అయితే మళ్ళా రాసేది వాళ్ళే కదా?"

సభలో మోగింది బల్లలే. రాసే పెన్ను ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది. పుస్తకం ఇప్పుడు తన చేతిలో కూడా లేదు.

సోమవారం పంపుహౌసులో చెయ్యి ఊరుకోలేదు. మూడో వార్డు వాల్వు తిప్పాలి, అరగంటకు ఐదో వార్డుది. వాల్వు తిప్పే ఇనుపతాళం నాలుగడుగుల పొడవు, తుప్పు. ఏ వాల్వు ఎన్ని చుట్లో పాత మనిషి గోడ మీద బొగ్గుతో రాసిపెట్టాడు. చుట్లు లెక్కపెడుతూనే మాటిమాటికీ రోడ్డు వైపు చూశాడు. పది. పదిన్నర. ఈపాటికి దామోదర్ ఆరిళ్ళు తిరిగుంటాడు. చదువుతున్నారో లేదో. ఫర్హానా చదువుతుంది, ఆమె ఒక్కతే. పన్నెండు మందికి ఒక్కతే ఏం చేస్తుంది? ఏడు చుట్లు తిప్పాల్సిన వాల్వును తొమ్మిది తిప్పి, మళ్ళీ రెండు వెనక్కి తిప్పాడు.

పదకొండున్నరకు దామోదర్ స్కూటరొచ్చి మెట్ల ముందు ఆగింది. మొహం మాడిపోయి ఉంది. సీటు మీద ఎర్రగుడ్డ మూట.

"ఏందప్పా ఇట్ల చేసినావు నువ్వు," అన్నాడు.

"ఏం చేసినా? నేను ఈడ నీళ్ళు తిప్పుతా ఉండా."

"పది ఇండ్లు తిరిగినా. ఒక్కరంటే ఒక్కరు పెట్టలేదు. ఆ ఫర్హానమ్మ బడిలో ఉండాది, సాయంత్రం చదివి పెడతా అనింది. మిగిలినోళ్ళంతా ఒకటే మాట. ఎంకటగిరియప్ప చదివినాడా? ఆ కారాయన కూడా అదే. బాలమ్మ అయితే మూట విప్పనియ్యలేదు, ముందు ఆయన దగ్గరికి తీసుకోనిపో అనింది." దామోదర్ మూట తీసి ముందుకు చాపాడు. "నాలుగింటికి ఇది పైకి పోవాల. చూడు, చూసి సరే అని చెప్పు."

"నన్ను తాకొద్దని మెమో ఇచ్చిండారు."

"నేను పట్టుకుంటా. నువ్వు చదువు."

వెంకటగిరియప్ప ఇనుపతాళం గోడకు ఆనించాడు. పైపు కింద చేతులు కడుక్కుని, చొక్కాకు తుడుచుకున్నాడు. దామోదర్ రెండు చేతులతో పుస్తకం తెరిచి పట్టుకున్నాడు. గాలికి కాగితం లేచింది, దామోదర్ బొటనవేలితో అంచు నొక్కాడు. వెంకటగిరియప్ప పెదాలు కదుపుతూ చదివాడు. ప్రభుత్వమే నడపాలన్నది ఉంది. ప్రైవేటు సంస్థకు అప్పగించరాదన్నది ఉంది. కట్టడం వెనక్కి తీసుకునే మాట కూడా ఉంది. కింది వరుసకొచ్చాడు.

"ఒక సంవత్సర కాలానికి అని ఉండాది."

"ఊఁ, అదంతే. ఏడాదైనాంక మళ్ళా చూస్తారు."

"సభలో పదేండ్లన్నారు. నేను పళ్ళెం పట్టుకోని అక్కడే ఉండా."

"ఎలక్షన్లైపోతే ఎవురుంటారో ఏమోనని సారు... ఒకటైతే ఏమి, పదైతే ఏమప్పా? ప్రభుత్వమే నడపాలని రాసిండాది కదా."

ఏడాదికి మళ్ళీ ఇదే నెల, ఇదే మూట, ఇంకో గుమాస్తా. చిక్కమ్మ కాలు అప్పటికి నయమై ఉంటుంది. ఇంకొకరిది అయి ఉండదు. వెంకటగిరియప్పకు ఆశ్చర్యంగా, కోపం రాలేదు. చానాళ్ళకు కాళ్ళు నేల మీద నిలిచినట్టనిపించింది.

"నేను చదివినా," అన్నాడు. "ఏమి చదివినానో అడిగినోళ్ళకు చెప్తా. నువ్వు పో."

దామోదర్ పోలేదు. పుస్తకం సీటు మీద పెట్టి, నాలుగడుగులు అవతలికి పోయి ఫోన్ చేశాడు. గాలికి ముక్కలు ముక్కలుగా వినిపించింది. లేదు సార్... ఒక్కటి కూడా రాలేదు సార్... ఆయన చెప్తే గానీ పెట్టరంట సార్... ఈ పొద్దు పోకపోతే ఆ ముసలోళ్ళు మళ్ళా... సరే సార్. ఫోన్ జేబులో వేసుకుని తిరిగొచ్చాడు. చెవులు ఎర్రబడ్డాయి. పెన్ను తీసి, ఆ వరుస కొట్టేసి, పైన 'పది సంవత్సరాల కాలానికి' అని రాసి, పక్కన తన పొడి అక్షరాలు వేశాడు.

"ఇంక సరేనా? బాలమ్మకు ఫోన్ చేసి ఒక మాట చెప్పు. నేను పోతా."

"ఉండప్పా, కొట్టేసి రాసినావు కదా. మొత్తం మళ్ళా చదవాల."

"మొత్తమా? చూసినావు కదా ఇప్పుడే?"

"తేదీ కాడ్నుంచి. ఈసారి నువ్వు చదువు, నేను వింటా."

దామోదర్ ఆయన్ను చూశాడు, రోడ్డు వైపు చూశాడు, గడియారం చూసుకున్నాడు. తరవాత స్కూటర్ తాళం తీసి జేబులో వేసుకుని, పంపుహౌసు మెట్టు మీద కూర్చుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, తేదీ దగ్గరనుంచి పైకి చదవడం మొదలుపెట్టాడు.